ఇతరాలు: 60 రూపాయలు

పోయిన ఏడాది ఫిబ్రవరి 24న మా ఇద్దరి ఖాతాల్లో కలిపి 2,300 రూపాయలు ఉన్నాయి. జీతాలు పడటానికి ఇంకా వారం ఉంది. పాప కాలేజీ నుంచి ఫీజు మెసేజ్ సరిగ్గా ఆ రోజే వచ్చింది. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నేను స్కూల్లో టీచర్ని. ఇద్దరం సంపాదిస్తున్నా నా గొలుసు బ్యాంకుకు వెళ్లింది, అదీ రెండోసారి.

మాకు కారు లేదు, ఏసీ లేదు, సినిమాలకు వెళ్లేది ఏడాదికి రెండుసార్లు. మరి డబ్బు ఎటు పోతోంది? ఇంట్లో ప్రతి ఒక్కరి దగ్గరా దీనికి జవాబు సిద్ధంగా ఉంది. ఆయన లెక్కలో నా చీరలు, నా లెక్కలో ఆయన పెట్రోలు, అత్తమ్మ లెక్కలో పిల్లల చిప్స్ ప్యాకెట్లు. తొమ్మిదో తరగతి చదివే మావాడు మాత్రం "ఎవరికీ తెలియదు కదా, ఊరికే ఎందుకు గొడవ?" అన్నాడు. నిజమే, ఎవరికీ తెలియదు.

మార్చి ఒకటిన 200 పేజీల నోటుబుక్కు ఒకటి ఫ్రిజ్ మీద పెట్టాను. దానికో పెన్ను దారంతో కట్టాను, లేకపోతే మా ఇంట్లో పెన్ను నిలవదు. ఆ నెలంతా రాయడమే, ఏదీ తగ్గించేది లేదు, ఎవరినీ ఏమీ అనేది లేదు. ఇది నా సొంత తెలివి కాదు. బరువు తగ్గడానికి డాక్టరు దగ్గరికి వెళ్లిన మా స్టాఫ్‌రూమ్ మేడమ్‌ను ముందు పది రోజులు తిన్నదంతా రాసుకుని రమ్మన్నారట. అదే ఇంటి ఖర్చుకు పెట్టి చూశాను.

మొదటి వారం అందరం మరిచిపోయాం. రెండో వారానికి ఫోన్లో పేమెంట్ల జాబితా చూసి రాత్రిపూట ఎక్కించడం అలవాటైంది. ఫోన్లో కట్టినవి ఎక్కడికీ పోవు, చేతి డబ్బుతోనే తంటా. ఆదివారం కూరగాయలకు అత్తమ్మకు 500 నోటు ఇస్తే, ఆమె చెప్పిన ధరలన్నీ కలిపినా ఎప్పుడూ 50, 60 రూపాయలు తేడా వచ్చేది. అడిగితే "చిల్లర లెక్క ఎవరికి యాదికుంటది బిడ్డా" అనేది. సరేలెమ్మని "ఇతరాలు: 60" అని రాసేదాన్ని.

మార్చి 31 రాత్రి నేలమీద కూర్చుని కూడటం మొదలుపెట్టాం. మావాడు చదువుతుంటే నేను క్యాలిక్యులేటర్ నొక్కాను. చీరలు సున్నా (ఈ మాట రెండుసార్లు గట్టిగా చదివించాను). పెట్రోలు అనుకున్నంతే. చిప్స్ ప్యాకెట్లు 400 లోపే. అసలు సంగతి ఇంకోచోట ఉంది. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లో ఆ నెల మేం 43 ఆర్డర్లు పెట్టాం. కొత్తిమీర అయిపోయిందని ఒకటి, పెరుగు తోడుకోలేదని ఒకటి, రాత్రి పదింటికి ఆయనకు ఐస్‌క్రీమ్ గుర్తొచ్చిందని ఒకటి. ఒక్కోటి సగటున 200 పైనే. మొత్తం 9,140 రూపాయలు. కొత్తిమీర కట్ట ఒక్కటే పంపరు కదా, కనీస ఆర్డరు నిండాలని బిస్కెట్లూ జ్యూసూ చేరతాయి. డెలివరీ, హ్యాండ్లింగ్ అంటూ వేసే చార్జీలే వెయ్యి దాటాయి. కిలోల కొద్దీ మంచి నెయ్యి వచ్చే డబ్బు కొత్తిమీర వెంట వెళ్లిపోయింది. ఆర్డర్లలో సగానికి పైగా నావే. ఆ రాత్రి ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, అనడానికి ముఖం ఉంటే కదా.

ఏప్రిల్లో నేను చేసిన తప్పేమిటంటే, అన్నింటినీ ఒకేసారి కోసేయడం. యాప్ తీసేశాను, బాగానే ఉంది. దాంతోపాటు ఆదివారం చికెన్ రెండు వారాలకు ఒకసారి అన్నాను, టీ పొడి తక్కువ రకానికి మార్చాను, పాలు అర లీటరు తగ్గించాను. పది రోజులకు మా ఆయన ఇంట్లో టీ తాగడం మానేసి, ఆఫీసు దగ్గర రోజుకు మూడు టీలు తాగుతున్నట్టు నోటుబుక్కు చెప్పింది. పాపం, ఆయనే నిజాయితీగా రాశారు: "టీ 15, టీ 15, టీ 15." టీ పొడి మీద నాకు మిగిలింది నెలకు 90 రూపాయలు. పాత టీ పొడి తిరిగొచ్చింది, పాలూ చికెనూ కూడా.

కూరగాయలకు సరూర్‌నగర్ రైతుబజారు పట్టుకున్నాం. రైతుబజార్లు 1999లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలయ్యాయి. మా ఇంటికి రెండు కిలోమీటర్లలో ఉన్న ఆ బజారుకు పదేళ్లలో నేను వెళ్లింది నాలుగుసార్లేమో. అత్తమ్మకు మాత్రం అక్కడ ఏ బల్ల దగ్గర ఏది బాగుంటుందో తెలుసు. ఆదివారం పొద్దున్నే వెళ్లి, బోర్డు మీద ఆ రోజు ధరలు చదువుకుని లోపలికి పోవడమే. చవకగా దొరికాయని మొదట్లో సంచులు నింపుకొచ్చాం. గురువారం నాటికి తోటకూర నల్లబడింది, పాలకూర జిగురుగా మారింది. అప్పుడు అత్తమ్మ వరస పెట్టింది. సోమ, మంగళ వారాల్లో ఆకుకూరలు, తర్వాత బెండ, బీర, దొండ, వారం చివర ఆలుగడ్డ, చామగడ్డ, గుమ్మడి. బీరకాయ వండిన రోజు పొట్టు పచ్చడి ఖాయం. మావాడు వారాన్ని కూరలతో గుర్తుపట్టే స్థితికి వచ్చాడు: "ఈ రోజు చామగడ్డ, అంటే రేపు శుక్రవారం."

బియ్యం దగ్గర ఒక చిన్న విషయం తెలిసింది. ప్యాక్ చేసిన బియ్యానికి 25 కిలోల దాకా 5 శాతం జీఎస్టీ ఉంది, 2022 జులైలో వచ్చింది. 25 దాటితే లేదు. అందుకే షాపుల్లో 26 కిలోల బస్తాలు కనిపిస్తున్నాయి. నేనైతే అదనపు కిలో ఏదో ఆఫర్ అనుకునేదాన్ని. ఇంకోటి నూనె ప్యాకెట్. అన్నీ ఒకే సైజులా కనిపిస్తాయి కానీ ఒకటి లీటరు, ఇంకొకటి 850 గ్రాములు. లీటరు నూనె తూకానికి 910 గ్రాముల దాకా ఉంటుంది. కవర్ మీద గ్రాముకో లీటరుకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో వేస్తారు, కళ్లద్దాలు పెట్టుకుంటే కనిపిస్తుంది.

ఇక కందిపప్పు కథ. హోల్‌సేల్లో చవక అని ఎవరో అంటే ఏప్రిల్లో బేగంబజారు వెళ్లి ఒకేసారి 10 కిలోలు తెచ్చాను. కిలోకు 15 రూపాయలు తక్కువ, మొత్తం 150 మిగిలింది. అంత బరువు మోయలేక ఆటోకు 180 ఇచ్చాను, కాబట్టి అక్కడే 30 రూపాయలు పోయాయి. పెద్ద స్టీలు డబ్బాలో పోసి, మూత బిగించి, సింకు పక్కన అరలో పెట్టి గొప్పగా చెప్పుకున్నాను. జూన్ నెలాఖరులో ఒక పొద్దున పప్పు తీయబోతే చేతికి పొడి అంటుకుంది. చాటలో పోసి చూస్తే గింజగింజకీ చిన్న రంధ్రం, మధ్యలో గోధుమరంగు పురుగులు మెల్లగా నడుస్తున్నాయి. రెండున్నర కిలోలు పారబోశాను. అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"ఎండబెట్టినవా?"

"లేదత్తమ్మా, ప్యాకింగే కదా అని..."

"ఆముదం?"

నా దగ్గర జవాబు లేదు. మిగిలిన పప్పును ఆమే మేడ మీదికి మోయించింది. పాత చీర పరిచి, పల్చగా పోసి, రెండు రోజులు మంచి ఎండ తగలనిచ్చింది. చల్లారాక అరచేతిలో రెండు చుక్కల ఆముదం వేసుకుని, పప్పును గుప్పెడు గుప్పెడు తీసి రుద్దుతూ పోయింది. జిడ్డు కనిపించకూడదు, మెరుపు రావాలి, అదీ కొలత. నేను రుద్దింది మరీ నూనెగా ఉందని మళ్లీ ఆమె చేతిలోకి తీసుకుంది. వండేముందు వేడినీళ్లతో కడిగితే వాసన కూడా ఉండదు. ఆ పప్పు దసరా దాకా వచ్చింది. ఇప్పుడు మూడు కిలోలకు మించి కొనను, అదీ మా వీధి కిరాణాలోనే.

గ్యాస్ మీద పెద్దగా చేసిందేమీ లేదు. పప్పు, శనగలు ముందే నానబెట్టడం, మంట పసుపుగా కనిపిస్తే బర్నరు శుభ్రం చేయడం, అంతే. బండ 38 రోజులు వచ్చేది, 44 రోజులు వచ్చింది. అత్తమ్మ బీపీ, షుగర్ మందులకు డాక్టరుగారినే అడిగాం, జనరిక్ వాడొచ్చా అని. మందు పేరూ మోతాదూ రాసిచ్చారు. జన ఔషధి కేంద్రంలో తీసుకుంటే నెల మందులు పాత ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు. ఈ ఒక్కటీ ఐదేళ్ల ముందే చేయాల్సింది.

నన్ను నిజంగా నిద్రపోనివ్వనిది కరెంటు బిల్లు. ఏప్రిల్లో 214 యూనిట్లు వచ్చింది. "నిరుటి ఏప్రిల్లో 200, అంటే 14 ఎక్కువ, బిల్లు మాత్రం 300 ఎక్కువేంటమ్మా?" అని మావాడు రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టాడు. కూర్చుని రేట్లు చూశాం. అప్పటి రేట్ల ప్రకారం మన తెలంగాణలో 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి 100కు యూనిట్ 3.40, తర్వాతి 100కు 4.80. మొత్తం 820 రూపాయలు. 200 దాటారా, ఆ మొదటి 200కు కూడా 5.10 చొప్పున వేస్తారు, పైన వాడినదానికి 7.70. అంటే 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. మిగతా చార్జీలు వేరే. ఆ 201వ యూనిట్ ఒక్కటీ 207 రూపాయల 70 పైసలు! మావాడు మూడుసార్లు లెక్క వేశాడు, నమ్మకం కుదరక. మాకు తెల్ల రేషన్ కార్డు లేదు కాబట్టి గృహజ్యోతి, అంటే 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే కరెంటు పథకం, రాదు. వచ్చేవాళ్లకు ఈ గీత ఇంకా ఖరీదైనది, దాటితే ఆ నెల బిల్లంతా కట్టుకోవాలి.

అప్పటి నుంచి వాడు రోజూ రాత్రి ఎనిమిదింటికి మెట్ల కింద మీటర్ చూసి క్యాలెండర్లో రాయడం మొదలుపెట్టాడు. నెలకు 200 అంటే రోజుకు 6.6 దాటకూడదు. మే నెలలో కూలర్ ఆపితే ఉండలేం. మరి దేన్ని ఆపాలి? హాల్లో ఫ్యాన్ అత్తమ్మ కోసం రోజుకు 18 గంటలు తిరుగుతుంది. పాతది, 75 వాట్లు. బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారు ఉన్న ఫ్యాన్ అయితే 30 వాట్ల దగ్గర పని చేస్తుంది. 45 వాట్ల తేడా, 18 గంటలు, 30 రోజులు: 24 యూనిట్లు. హాల్లోకి ఒకటి, పడకగదిలోకి ఒకటి కొన్నాం, రెండూ కలిపి 5,800. ఆ డబ్బు తిరిగి రావడానికి రెండేళ్లు పట్టొచ్చు, అందుకే మిగతా రెండు గదుల్లో పాతవే ఉంచాం. మీటర్ చదివే అతను వచ్చిన రోజు మావాడు స్కూలు బ్యాగు కూడా దించకుండా పక్కన నిలబడ్డాడు. 193. "ఇంకా ఏడు యూనిట్లు మిగిలాయి, ఆదివారం మధ్యాహ్నం కూడా కూలర్ వేసుకోవాల్సింది" అని బాధపడ్డాడు. వాడి లెక్క వాడిది.

ఆగస్టు నాటికి నెలకు దాదాపు తొమ్మిది వేలు తక్కువ ఖర్చవుతోంది. సగం ఆ యాప్ తీసేసినందుకే. పూర్తిగా మానలేదు, ఆయన ఫోన్లో ఇంకా ఉంది. పాపకు రాత్రి పదకొండింటికి రికార్డు షీట్లు కావాలంటే ఎక్కడ తెస్తాం? ఆగస్టులో ఆరు ఆర్డర్లు. జులైలో గొలుసు ఇంటికి వచ్చింది.

ఒక్క ఖాతా మాత్రం తేలలేదు. ఆదివారపు "ఇతరాలు: 60". మార్చి నుంచి ప్రతి వారం ఉంది. మావాడు దానికి "మాయం" అని పేరు పెట్టి ఎర్ర పెన్నుతో రాసేవాడు.

వినాయక చవితికి రెండు రోజుల ముందు మా ఆయనకు కడుపునొప్పి. రాత్రి వాము కోసం వెతికాను. మేం వాము వాడేది ఆర్నెల్లకు ఒకసారి, డబ్బా పై అరలో చివరన ఉంటుంది. మూత తీస్తే వాము కింద ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పెట్టిన పది, ఇరవై, యాభై నోట్లు. లెక్కపెడితే 1,460. వెనక్కి తిరిగితే అత్తమ్మ నిలబడి ఉంది, మంచినీళ్లకు లేచినట్టుంది.

"అది బుక్కుల రాయకు" అంది.

రాయలేదు. వాము తీసుకుని, కవరు ఎలా ఉందో అలాగే పెట్టి, మూత బిగించాను.