ఎసట్లో బియ్యం

మా ఇంటిపేరు వాళ్లంతా విశాఖపట్నంలో ఉంటే, మేం గుంటూరులో ఎందుకున్నామన్నది చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. నాయనమ్మని అడిగితే ఒకే మాట చెప్పేది. "జపాను వాడు బాంబేశాడురా. ఎసట్లో పోసిన బియ్యం ఎసట్లోనే వదిలేసి రైలెక్కాం."

అది 1942 ఏప్రిల్ 6, సోమవారం. ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. కాకినాడనూ వదల్లేదు. నాయనమ్మకి అప్పటికి పదేళ్లు. వన్‌టౌన్‌లో రేవుకి దగ్గరగా ఉండేవాళ్లు. ఆ రాత్రి బయల్దేరిన కుటుంబం గుంటూరులో బంధువుల ఇంట్లో దిగి, ఇక్కడే ఉండిపోయింది.

ఆమె పోయిన ఏడాదికి నాన్న "ఒకసారి అవన్నీ చూసొద్దాం రా" అన్నారు. గుంటూరులో పొద్దున్నే సింహాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రైల్లో చెప్పుకోదగ్గదేమీ లేదు. నాన్న మాత్రం గోదావరి వంతెన దాకా కిటికీ వదల్లేదు.

మర్నాడు ముందుగా జోడుగుళ్లపాలెం తీరానికి వెళ్లాం. యుద్ధకాలంలో కాపలాకి కట్టిన కాంక్రీటు పిల్‌బాక్స్ అక్కడ ఇసుకలో పక్కకు ఒరిగి ఉంది. గోడ మందం చూస్తే భయం వేస్తుంది. తుపాకీ గొట్టం పెట్టే సన్నటి సందులో ఇప్పుడు ఇసుక, నాచు. కెరటం వచ్చి గోడకి కొట్టుకుని వెనక్కి పోతోంది. దీని చుట్టూ ఓ కంచె, చరిత్ర చెప్పే ఓ బోర్డు ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. ఇలాగే వదిలేస్తే సముద్రం తీసుకుపోతుంది.

విశాఖ మ్యూజియంలో ఆనాటి బాంబు ఒకటి ఉంది. నాన్న దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. ఏమీ మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు.

సాయంత్రం బీచ్ రోడ్డులో కురుసుర ఎక్కాం. 1969లో మన నౌకాదళంలో చేరిన సోవియట్ తయారీ జలాంతర్గామి ఇది. 1971 యుద్ధంలో గస్తీ కాసింది. 2001లో విశ్రాంతి తీసుకుంటే, మరుసటి ఏడాది ఇసుక మీదకి లాగి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. బయటి నుంచి చూస్తే చాలా పెద్దదే. లోపలికి దిగాక మాత్రం ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కుపోవాల్సిందే.

గైడు నేవీలో రిటైరైనాయన. "తల జాగ్రత్త సార్" అంటూ నాన్నని చేయి పట్టి గుండ్రటి ద్వారాల్లోంచి దాటించారు. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లాలంటే ముందు కాలు, తర్వాత నడుము, చివర్లో తల. ముందు గదిలో టార్పెడోలు, వాటి పక్కనే పడక బల్లలు. మనుషులు ఆయుధాలని ఆనుకునే నిద్రపోయేవారు. నీటిపైన డీజిల్ ఇంజన్లు, నీళ్లలో మునిగాక బ్యాటరీలే. ఆ బ్యాటరీలు ఛార్జ్ కావాలంటే మళ్లీ పైకి రావాలి, లేదా కనీసం గాలి గొట్టమైనా నీటిపైకి తేలాలి. దాదాపు 75 మంది అదే గాలి పీలుస్తూ రోజుల తరబడి అలా ఉండేవారంటే నా గొంతు ఆరిపోయింది.

1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఇదే విశాఖ తీరం దగ్గర మునిగింది. అప్పుడు నాయనమ్మ చెల్లెలు విశాఖలోనే ఉంది. గుంటూరులో నాయనమ్మ రేడియో పక్క నుంచి లేవలేదని, ఇంట్లో రెండు రోజులు వంట సరిగ్గా జరగలేదని ఆ ఇరుకు దారిలో నాన్న చెప్పారు. ఆ సంగతి నేను వినడం అదే మొదటిసారి.

మధ్యలో వంటగది వచ్చింది. మా ఇంట్లో దేవుడి గదంత కూడా ఉండదు. అందరికీ అందులోనే వండేవారట. నాన్న అక్కడ ఆగిపోయారు. కాసేపటికి గైడుని అడిగారు, "సైరన్ మోగితే పొయ్యి మీదున్నది ఏం చేసేవారండీ?"

"స్టవ్ కట్టేసి ఎవరి చోటుకి వాళ్లు పరుగే సార్. అన్నం అలాగే ఉండేది."

నాన్న నా వైపు చూశారు. వెనక జనం తోసుకొస్తున్నారు. నాన్న మాత్రం ఇంకో నిమిషం అక్కడే నిలబడి, ఆ పొయ్యి అంచు మీద చేయి పెట్టి తీశారు.