రెండోసారి తొక్కితేనే

ఆదివారం, రాత్రి 9:30

ఒళ్ళంతా బ్రేక్ ఆయిల్ వాసన. రెండుసార్లు సబ్బుతో రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు వదల్లేదు. మనసు మాత్రం తేలికపడింది.

గురువారం పాప డ్రైవింగ్ నేర్చుకుంటూ, "నాన్నా, బ్రేక్ మొదటిసారి తొక్కితే లోపలికి పోతోంది. రెండోసారికి గానీ పట్టుకోవట్లేదు" అంది. మాది 1999 నాటి మారుతి 800. రోజూ నడిపేది నేనే, నాకెందుకు తెలియలేదు? ఆలోచిస్తే అర్థమైంది. నా కాలు రెండుసార్లు తొక్కడానికి ఎప్పుడో అలవాటుపడిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె గుభేల్మంటోంది. ఆ రోజు నుంచి కారు బయటికి తీయలేదు.

వంగి చూస్తే ఎడమ వెనక టైరుకి లోపలి వైపు తడి చార. చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో బ్రేకుని నొక్కే వీల్ సిలిండర్ కారుతోందన్నమాట. ఈ పొద్దున ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి, జాకీతో ఎత్తి కింద స్టాండ్లు పెట్టాను. మా కాకినాడ ఉప్పుగాలికి తుప్పు పట్టి, చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి బ్రేక్ డ్రమ్ము ఓ పట్టాన ఊడలేదు. చెక్క సుత్తితో చుట్టూ కొట్టగా కొట్టగా అరగంటకి కదిలింది. లోపల సిలిండర్ రబ్బరు టోపీని వేలితో కాస్త ఎత్తానో లేదో, బొటబొటా ఆయిల్ కారింది. డ్రమ్ముని లోపలి నుంచి ఒరుసుకుని ఆపే బ్రేక్ షూలు తడిసి నల్లగా మెరుస్తున్నాయి. కొందరు పెట్రోలుతో కడిగి అవే వేసేస్తారు. నాకది నచ్చదు. లోపలికి ఇంకిన ఆయిల్ వేడెక్కితే మళ్ళీ పైకొస్తుంది. సిలిండర్ గోడకీ గుంటలు పడ్డాయి, రబ్బర్లు మార్చినా ఆగదు. నిన్ననే రెండు వైపులకీ కొత్త సిలిండర్లు, షూలు తెచ్చిపెట్టుకోవడం మంచిదైంది. డ్రమ్ములో దుమ్ము ఊదలేదు, తడిగుడ్డతో తుడిచాను. పాత షూల్లో పీలిస్తే ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

అసలు పని ఎయిర్ తీయడం, అంటే బ్రేక్ పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపడం. పాపని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాను. అక్వేరియం పైపు ఒక కొస, సిలిండర్ వెనక గాలి వదిలే చిన్న మరలాంటి నిప్పల్‌కి తొడిగి, రెండో కొస సీసాలో ఆయిల్‌లో ముంచి, కింద పడుకున్నాను.

"తొక్కు."

"తొక్కాను."

"అలాగే పట్టుకో, వదలకు."

నిప్పల్ కాస్త తిప్పగానే పైపులోకి టీ డికాషన్ రంగు ఆయిల్, వెనకే పెసరగింజలంత బుడగలు. బిగించాక, "వదులు." బిగించకముందే కాలు తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుందని ముందే చెప్పాను. తను ఒక్కసారి కూడా తొందరపడలేదు. పొరపాటు నాదే. బానెట్ కింద డబ్బాలో ఆయిల్ అడుగంటేదాకా చూసుకోలేదు. ఆ దారిన గాలి దూరింది. డబ్బా నింపి మళ్ళీ మొదటి నుంచీ. మూతతీసి ఎన్నాళ్ళో అయిన పాత సీసా ఉంది గానీ ముట్టుకోలేదు. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది, అప్పుడు తక్కువ వేడికే మరిగిపోతుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్త సీసా తెరిచాను.

కుడి వైపు కూడా బుడగలు ఆగాక, "నాన్నా, ఇప్పుడు పైనే ఆగిపోతోంది, రాయిలా ఉంది" అంది పాప.

సాయంత్రం కాలనీలోనే మెల్లగా రెండు చుట్లు తిప్పాం. మలుపు దగ్గర బ్రేక్ వేశాను, కారు ఆగింది. అయినా నా కాలు రెండోసారికి లేస్తోంది.

"ఒక్కసారి చాలు నాన్నా" అంది పక్క సీట్లోంచి.

పొద్దున లేవగానే రెండు చక్రాల లోపలి వైపూ టార్చి వేసి చూడాలి, తడి ఉందేమో.