మా పాప గొంతులో జీర ఎక్కడి నుంచి వచ్చిందంటే

మా పాపకి 11 ఏళ్లు. ఆరో ఏట నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. పోయిన కార్తీకంలో ఒక తెల్లవారుజామున సాధనకి కూర్చుంటే తారషడ్జం, అంటే పై 'స', దగ్గర స్వరం రాలేదు, వట్టి గాలి వచ్చింది. మళ్లీ పట్టింది. ఈసారి జీర. "అమ్మా, లోపల ఏదో అడ్డం పడుతోంది" అంది.

జలుబే అనుకున్నాను. మిరియాల పాలు, ఆవిరి, బుగ్గన కరక్కాయ ముక్క, అన్నీ అయ్యాయి. దగ్గర్లో ఉన్న డాక్టరు గారు రెండుసార్లు యాంటీబయాటిక్ రాశారు. సెలవుల్లో తేరుకునేది, బడి తెరవగానే మళ్లీ బొంగురు. జ్వరం లేదు, నొప్పి లేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పైగా త్యాగరాజ ఆరాధనలో అందరూ కలిసి పాడే గోష్ఠి దగ్గరపడుతోందని "ఇంకాస్త గట్టిగా పాడు, అదే తెరుచుకుంటుంది" అన్నది నేనే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

రెండు నెలలు దాటాక ఈఎన్‌టీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ గొంతు చూడకముందే చాలా అడిగారు. రాత్రి ఎన్నింటికి తింటుంది? తిన్నాక ఎంతసేపటికి పడుకుంటుంది? తుమ్ములు, ముక్కు దిబ్బడ ఉన్నాయా? క్లాసులో అరుస్తుందా? పాప క్లాస్ లీడర్. రోజంతా "సైలెన్స్" అని అరవడమే పని. సంగీతం క్లాసయి ఇంటికొచ్చి తినేసరికి తొమ్మిదిన్నర, తిన్న వెంటనే పక్క.

ముక్కులో మొద్దుబారే స్ప్రే కొట్టి, సన్నటి గొట్టం కెమెరా లోపలికి పంపారు. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర మీద రెండు తెల్లటి స్వరతంతువులు. వాటి ముందు భాగంలో, రెండిటి మీదా ఎదురెదురుగా, చిన్న బుడిపెలు. 'ఈ' అనమంటే ఆ రెండూ ఒకదానికొకటి ఆనుకుని, మిగతాచోట సందు మిగిలిపోయింది. గాలి తప్పించుకునేది అక్కడినుంచే. వెనకవైపు ఎర్రగా ఉంది, అది కడుపులో ఆమ్లం పైకి తన్నడం వల్ల కావచ్చన్నారు.

వాటిని నాడ్యూల్స్ అంటారట. పాటకి ఆధారంగా పట్టే స్వరం శ్రుతి; ఆరు శ్రుతిలో ఆడపిల్ల తారషడ్జం పట్టిందంటే ఆ తంతువులు సెకనుకి దాదాపు 440 సార్లు తాకుకుంటాయి. దానికి అరుపులు తోడైతే ఒరిసినచోట కాయ కాస్తుంది. పిల్లలకి ఆపరేషన్ అవసరం చాలా అరుదు, వాయిస్ థెరపీయే ముందు అని చెప్పగానే నాకు ఊపిరి వచ్చింది. అందరు పిల్లలకీ ఇదే కారణం కాదని కూడా చెప్పారు. కొందరికి అలర్జీ, కొందరికి తిత్తి, అరుదుగా వైరస్ వల్ల పెరిగే పులిపిర్లు. 13, 14 ఏళ్ల మగపిల్లలకైతే గొంతు మారే వయసు. బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే లోపల చూడకుండా మందు వేయకూడదన్నారు.

గోష్ఠి మానేశాం. పాప ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అరుపులు బంద్, లీడర్ పదవి బంద్. గుసగుసలూ గొంతుకి శ్రమేనట, అవీ వద్దన్నారు. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మాన్పించడానికి చాలా కష్టపడ్డాం, గొంతు గీరినప్పుడల్లా ఒక గుక్క నీళ్లు తాగించేదాన్ని. భోజనం ఏడింటికి జరిపాం. థెరపిస్టు నేర్పిన పద్ధతిలో సగం నీళ్లున్న గ్లాసులో స్ట్రా పెట్టి, బుడగలు వస్తుండగా 'ఊ' అంటూ స్వరం తీయాలి. మొదట రెండు నిమిషాలు, తర్వాత అయిదు. టీచర్ గారు శ్రుతి ఆరు నుంచి అయిదుకి దించి, నెలరోజులు మధ్యస్థాయి, అంటే పై 'స' కింది స్వరాలు, దాటనివ్వలేదు.

వైశాఖంలో మళ్లీ కెమెరా పెట్టారు. ఒకవైపు బుడిపె పోయింది, రెండోది చుక్కంత మిగిలింది. మర్నాడు పొద్దున నేను వంటింట్లో ఉండగా తంబురా వెంట పాప పైకి వెళ్లింది, నిషాదం ('ని') దాటి పై షడ్జం. స్టవ్ కట్టేసి విన్నాను. గాలి లేదు.