సుజాతా భట్ కవితలో గుజరాతీ పంక్తులు దాటేయొద్దు

ఈ వారమంతా సుజాతా భట్ 'సర్చ్ ఫర్ మై టంగ్' పైకి చదువుతూనే ఉన్నాను. 1956లో అహ్మదాబాద్‌లో పుట్టి, పుణెలో పెరిగి, 1968లో కుటుంబంతో అమెరికా వెళ్లి, తర్వాత జర్మనీలో స్థిరపడ్డ కవయిత్రి. తొలి సంపుటి 'బ్రూనిజెమ్' 1988లో వచ్చింది. ఆ పేరు ఆసియా, యూరప్, ఉత్తర అమెరికా మూడింట్లోనూ కనిపించే ఒక ముదురు గోధుమరంగు నేలది.

కవిత ఇంగ్లీషులో మొదలవుతుంది. పరాయి భాష మధ్య బతికితే సొంత నాలుక నోట్లోనే కుళ్లిపోతుందంటుంది. కల దగ్గరికి రాగానే గుజరాతీ లిపి వస్తుంది, ప్రతి పంక్తి కింద రోమన్ అక్షరాల్లో ఉచ్చారణతో. ఆ తర్వాతే ఇంగ్లీషు అర్థం. చాలామంది నేరుగా అక్కడికే దూకుతారు. అలా దూకితే కవిత సగం పోయినట్టే: అర్థం తెలియకుండా శబ్దాన్ని నోట్లో తిప్పాలి, ఆ ఇబ్బందే విషయం.

ఇంగ్లీషులో 'టంగ్' అంటే నాలుకా, భాషా. గుజరాతీలో ఆ సదుపాయం లేదు, అందుకే ఆమె 'ఆఖీ జీభ్, ఆఖీ భాషా' అని రెండూ అంటుంది. మొత్తం నాలుక, మొత్తం భాష. మనకూ అంతే కదా!

తెలుగు చేసేవాళ్లకు ఒక మాట: గుజరాతీని తెలుగులోకి మార్చేయకండి, రెండు భాషల మధ్య గీత చెరిగిపోతుంది. లిపి అలాగే ఉంచి, కింద తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ ఇవ్వండి. 'జీభ్'లోని భకారం రోమన్‌లో కంటే మన లిపిలోనే చక్కగా పలుకుతుంది.