దీపం తెచ్చేలోపే ముగిసే భయం

భయానికి ఆయుష్షు తక్కువ. ఎంత వికృతమైన రూపానికైనా పదిసార్లు చూశాక కన్ను అలవాటు పడిపోతుంది, ఎంత కర్కశమైన చప్పుడైనా కొంతసేపటికి చెవికి మామూలైపోతుంది. హారర్ వీడియో ఆటలు తయారుచేసే వారందరినీ వేధించే చిక్కు ఇదే. గంటా రెండు గంటల్లో పూర్తయ్యే చిన్న ఇండీ ఆటలు (పెద్ద సంస్థల అండ లేకుండా సొంతంగా చేసుకునేవి) ఈ చిక్కులో పడకముందే పని ముగించుకుంటాయి. వాటి మీద నాకున్న ఇష్టానికి అసలు కారణం అదేననుకుంటాను.

2014లో వచ్చిన ‘ఏలియన్: ఐసొలేషన్’ నాకు బాగా నచ్చిన పెద్ద ఆట. దాన్ని పూర్తి చేయడానికి పదిహేను గంటలకు పైగానే పడుతుంది. మొదట్లో లాకరులో నక్కి, బయట తిరుగుతున్న గ్రహాంతర ప్రాణి అడుగుల చప్పుడు వింటూ ఊపిరి బిగబట్టాను. సగం దాటేసరికి మాత్రం నా ధ్యాస దాని మీద లేదు, అప్పటిదాకా ఆడింది భద్రపరచుకునే తరువాతి సేవ్ స్టేషన్ ఎంత దూరంలో ఉంది, చేతిలో ఎన్ని వస్తువులు మిగిలాయి అన్న లెక్కల మీదకు మళ్లింది. ఇందులో తయారీదారుల తప్పేమీ లేదు. అంతసేపు ఆడాలంటే ఆటగాడు బతకాలి, బతకాలంటే నియమాలు తెలియాలి, నియమాలు తెలిసిన కొద్దీ భయం పలచబడుతుంది. మసక వెలుతురులో తాడును చూసి పామనుకున్నవాడి భయం ఎవరో దీపం తెచ్చేదాకానే ఉంటుంది. చిన్న ఆట ఆ దీపం రాకముందే ముగిసిపోతుంది.

డేవిడ్ షిమాన్స్కీ 2022లో విడుదల చేసిన ‘ఐరన్ లంగ్’ దీనికి మంచి ఉదాహరణ. ఎక్కడో ఒక చందమామ మీద రక్తసముద్రం ఉంటుంది, ఆటగాడు ఒక ఖైదీ, అతణ్ణి ఇరుకైన జలాంతర్గామిలో పెట్టి తలుపు వెల్డింగ్ చేసి లోపలికి దింపుతారు. ఒత్తిడికి తట్టుకోవడం కోసం ముందున్న కిటికీని కూడా లోహంతో మూసేశారు కాబట్టి బయట ఏముందో కనబడదు. చేతిలో ఒక పటం, ఎదురుగా స్థానాన్నీ దిశనూ చూపే అంకెలు, ముందుకూ వెనక్కూ నడిపే మీటలు మాత్రమే ఉంటాయి. పటంలో గుర్తుపెట్టిన చోటికి చేరాక గది వెనుక వైపున్న మీట నొక్కితే బయటి దృశ్యం మసకమసకగా, నలుపు తెలుపుల్లో ఒక నిశ్చల చిత్రంగా తెరమీదికి వస్తుంది. ఏదైనా దగ్గరపడితే బీప్ శబ్దం వినిపిస్తుంది, ఆ వచ్చింది రాతిగోడా, ఇంకేమైనానా అన్నది మాత్రం చెప్పదు. ఆట దాదాపు మొత్తం ఒకే ఒక గదిలో జరుగుతుంది. అయినా ఫొటో తీయడానికి వెనక్కి తిరిగిన ప్రతిసారీ చెయ్యి కాస్త తటపటాయిస్తుంది. ఇదే పనిని పది గంటలు చేయిస్తే అది ఉద్యోగమైపోయేది.

నియమం తెలిస్తే భయం పోతుందన్నాను గానీ, 2023లో ‘కొటాకే క్రియేట్’ అనే తయారీదారు చేసిన ‘ద ఎగ్జిట్ 8’ నా వాదనకు కొంత అడ్డం తిరుగుతుంది. అందులో నియమాలు మొదటే బోర్డు మీద రాసి ఉంటాయి: భూగర్భ నడవాలో ఏదైనా తేడా కనిపిస్తే వెనక్కి తిరగాలి, కనిపించకపోతే ముందుకు సాగాలి. ఎనిమిదో ద్వారం దాకా సాగాల్సిన లెక్క, పొరపాటు చేస్తే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అవే టైల్స్, అవే పోస్టర్లు, ఎదురుగా నడిచివచ్చే అదే మనిషి. కాసేపటికి పోస్టరు మీది బొమ్మ నిజంగా మారిందో, మనమే సరిగా గుర్తుపెట్టుకోలేదో తేల్చుకోలేని స్థితి వస్తుంది. ఇక్కడ ఆటగాడు అనుమానించేది నడవాను కాదు, తన కళ్లను. ఆ అనుమానాన్ని కూడా ఒక గంటకు మించి సాగదీయలేమని తయారీదారుకు తెలుసు.

కిట్టీ హారర్‌షో 2016లో చేసిన ‘అనాటమీ’లో రాక్షసులు వెంటపడరు. చీకటి ఇంట్లో క్యాసెట్లు వెతికి తెచ్చి టేప్ రికార్డర్‌లో వేసి వినడమే పని. అందులోని గొంతు ఇంటిని మనిషి శరీరంతో పోలుస్తూ, ఏ గది ఏ అవయవమో తాపీగా వివరిస్తుంది. తరువాత ఆట తనంతట తానే మూసుకుపోతుంది. మళ్లీ తెరిస్తే అదే ఇల్లు, కానీ అంతకుముందున్నట్టు ఉండదు. ఇంతకు మించి చెప్పడం ఆడబోయేవారికి అన్యాయం చేయడమే.

వీటిలో చాలా ఆటలు తొలి ప్లేస్టేషన్ (టీవీకి తగిలించి ఆడే సోనీ ఆట యంత్రం) నాటి రూపాన్ని కావాలనే ఎంచుకుంటాయి. ఆ యంత్రం బిందువుల స్థానాలను పూర్ణాంకాలకు కుదించేది కాబట్టి గోడల అంచులు వణికేవి, దూరాన్ని లెక్కలోకి తీసుకోకుండా పరిచేది కాబట్టి వాటి మీద అతికించిన బొమ్మలు, అంటే టెక్స్‌చర్లు, వంకరపోయేవి. అప్పుడు లోపంగా తోచినది ఇప్పుడు భయానికి పనికొస్తోంది, ఎందుకంటే ముఖం స్పష్టంగా కనబడనప్పుడు మిగతాది మన ఊహే పూరిస్తుంది. ఎయిర్‌డార్ఫ్ చేసిన ‘ఫెయిత్’ ఇంకా వెనక్కి వెళ్లి, కొద్దిపాటి రంగులతో, గీతల్లాంటి బొమ్మలతో నడుస్తుంది. ఉన్నట్టుండి నిజమైన మనిషి కదలికల మీద గీసిన యానిమేషన్ తెరంతా నింపేసినప్పుడు ఆ తేడాకే ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఒక్కరో ఇద్దరో కూర్చుని పూర్తి చేయగలగడం వల్ల ఈ ఆటలకు మరో స్వేచ్ఛ దొరికింది. 2020లో వచ్చిన ‘డ్రెడ్ ఎక్స్ కలెక్షన్’లో పదిమంది తయారీదారులకు ఏడేసి రోజులు గడువిచ్చి, తాము కలలుగన్న హారర్ ఆటకు ఆడదగిన నమూనా ఒకటి చేయమన్నారు. ఒక్క ఆలోచన మీద ఆటంతా నడపడం, జవాబు చెప్పకుండానే ఆపేయడం వంటివి పెద్ద పెట్టుబడి పెట్టినవారికి సులభం కాదు.

అయితే వచ్చినవన్నీ మంచివని చెప్పను. 2012లో ఉచితంగా వచ్చిన ‘స్లెండర్: ది ఎయిట్ పేజెస్’ విజయవంతమయ్యాక, చీకటి అడవీ టార్చిలైటూ ఉంటే చాలనుకున్న అనుకరణలు వెల్లువెత్తాయి. ఇప్పుడు వాటి స్థానంలో పాత వీడియో క్యాసెట్టు గీతలు, చుక్కచుక్కలుగా కనిపించే తెర వచ్చాయి. హఠాత్తుగా చెవి పగిలేలా అరిచే జంప్‌స్కేర్‌తో భయపెట్టడాన్ని నేను నైపుణ్యంగా లెక్కించను. ఉలిక్కిపడటం వేరు, భయపడటం వేరు.

చిన్నదనానికి వ్యాపారపరంగా ఒక శిక్ష కూడా ఉంది. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువసేపు ఆడితే డబ్బు వాపసు అడగవచ్చు. కొన్నవారికి అది న్యాయమైన రక్షణే గానీ, గంటన్నరలో ముగిసే ఆటను చివరిదాకా ఆడి, మెచ్చుకుని, తిరిగి ఇచ్చేసే వీలు కూడా దానివల్లే ఏర్పడింది. గంటల లెక్కన ఆటకు వెలకట్టే అలవాటు నాకు ముందునుంచీ నచ్చదు, ఈ విషయంలో మరీ నచ్చదు.

ఎంత నిడివి దాటితే చిన్న ఆట చిన్నది కాకుండా పోతుందో చెప్పాలంటే నేను ‘మౌత్‌వాషింగ్’ను చూపిస్తాను. స్వీడన్‌కు చెందిన రాంగ్ ఆర్గన్ బృందం 2024లో చేసిన ఈ ఆట సుమారు మూడు గంటలు నడుస్తుంది. ప్రమాదానికి గురైన అంతరిక్ష సరుకు నౌకలోని అయిదుగురు సిబ్బంది కథను ముందుకూ వెనక్కూ దూకుతూ చెప్పినంతసేపూ ఎక్కడా పట్టు సడలదు, ఎందుకంటే అక్కడ భయమంతా ఒకరికొకరు ఏం చేశారన్న దానిలో ఉంది. నాకు తేలిపోయినట్టు అనిపించినవి రెండో సగంలో చప్పుడు చేయకుండా తప్పించుకోవలసిన ఒకటి రెండు ఘట్టాలే. అక్కడ దొరికిపోయి మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ కథ ఆగిపోయి, ఎదుటిదాని కదలికలను లెక్కపెట్టుకోవడం మొదలైంది.