ఎంతమంది కూతుళ్ళున్నా కలిపి పావు వంతే

మధ్యయుగపు క్రొయేషియా గురించి చదువుతుంటే నన్ను పట్టుకుంది యుద్ధాలు కాదు, భూమి లెక్క. అక్కడి నోబుల్స్‌లో తాతల నాటి భూమి ఏ ఒక్కడి సొంతమూ కాదు, మొత్తం వంశానిది. వంశాన్ని ప్లెమె అంటారు, 14వ శతాబ్దం నాటి పత్రాల్లో 12 వంశాల నోబుల్స్ అనే మాట వస్తుంది, కాచిచ్, షూబిచ్, గుసిచ్, మొగొరోవిచ్ వగైరా. ఆ భూమి అమ్మాలంటే ముందు దాయాదుల్ని అడగాలి, వాళ్ళు కొనం అంటేనే బయటివాళ్ళకి. అన్నదమ్ములు పంచుకోకుండా ఉమ్మడిగా ఉండిపోవడం మామూలే, కొడుకులు లేకుండా ఎవరైనా పోతే ఆ వాటా దాయాదులకే.

షూబిచ్ వాళ్ళనే చూడండి. వాళ్ళ కోట బ్రిబిర్, 1312లో చనిపోయిన పావెల్ షూబిచ్ బాన్‌గా, అంటే రాజు తరపున ఏలేవాడిగా, దాదాపు రాజులాగే బతికాడు. తర్వాత 1347లో హంగరీ, క్రొయేషియా రెండింటినీ ఏలిన లాయోష్ రాజు షూబిచ్‌లలో ఒక శాఖ దగ్గర ఒస్ట్రోవిట్సా కోట తీసుకుని బదులుగా స్లవోనియా అనే పక్క ప్రాంతంలో జ్రిన్ కోట ఇచ్చాడు, అంతే, ఆ శాఖ జ్రిన్‌స్కి అయిపోయింది. కోట మారితే ఇంటిపేరే మారింది!

స్లవోనియాలో హంగరీ ఆచారం నడిచేది, నాకు బాధేసింది అక్కడే. తండ్రి వారసత్వ ఆస్తిలో కూతుళ్ళకి పావు వంతు, ఒక్కొక్కరికి కాదండీ, ఎంతమంది ఉన్నా అందరికీ కలిపి, అదీ మామూలుగా డబ్బు రూపంలోనే, ఎందుకంటే భూమి ఇస్తే పెళ్ళితో అది అల్లుడి వంశానికి పోతుంది కదా. ఇంటివాళ్ళ ఒప్పుదలతో కూతురు భూమి లేనివాడిని చేసుకుంటే మాత్రం ఆ పావు భూమిగానే ఇవ్వాలి. 1514లో వెర్‌బోట్సి ఇస్త్వాన్ అనే హంగరీ న్యాయవేత్త ఈ ఆచారాలన్నీ లాటిన్‌లో రాసిపెట్టాడు, 1574లో పెర్గోషిచ్ అనే ఆయన వాటిని అక్కడి జనం మాట్లాడే భాషలోకి తెచ్చాడు.

కొడుకులు లేని తండ్రికి ఒక దారుంది, రాజు దగ్గరికెళ్ళి కూతురిని కొడుకుగా ప్రకటించమని అడగటం. దాన్ని ప్రెఫెక్షియో అంటారు. రాజు ఒప్పుకుంటే ఆ పిల్ల చట్టం దృష్టిలో కొడుకే, భూమి తనకే. దాయాదులు ఊరుకుంటారా మరి, ఆ భూమి ఎప్పటికైనా మాదేగా అని లెక్కేసుకుని ఉంటారాయె. తండ్రి ఆశంతా ఆ ఒక్క రాజముద్ర మీదే.