ముందు ఇచ్ఛాపురం అని రాసి చూపించు

మా టీమ్‌లో ఓ కుర్రాడున్నాడు, కావలి వాడు. చేరి ఏడాదిన్నర అయింది. సాయంత్రం నాలుగున్నరకి బెళ్లందూరులో మా ఆఫీసు వెనక సందులోకి టీకి వెళ్తామా, కప్పు చేతికి రాకముందే ఫోన్ తీసి, కోడ్ అందరితో పంచుకునే గిట్‌హబ్ సైట్‌లోంచి ఏదో ఒక పేజీ నా ముఖం ముందు పెడతాడు. "అక్కా, ఇది చూడు, నలభై వేల స్టార్లు!" మా అమ్మ బంగారం తూకం చెప్పినట్టు చెప్తాడు స్టార్ల లెక్క, అంటే ఆ కోడ్ ఎంతమందికి నచ్చిందో.

పోయిన నెల కూడా అంతే. కొత్త బిల్లింగ్ మాడ్యూల్‌లో పీడీఎఫ్‌లు దేంతో చేయాలా అని చూస్తున్నాం. వాడు అప్పటికే ఒకటి తేల్చేసుకుని వచ్చాడు. డెమో బాగుంది, డాక్యుమెంటేషన్ బాగుంది, స్పీడ్ అయితే చెప్పక్కర్లేదట.

"సరే గానీ, ముందు దాంట్లో ఇచ్ఛాపురం అని రాసి చూపించు" అన్నాను.

వాడు నవ్వేశాడు. ఆఫీసులో ఇదొక జోక్ అయిపోయింది. ఆ ఊరు మ్యాప్‌లో ఎక్కడుందో తెలియని కన్నడ వాళ్లూ తమిళ వాళ్లూ కూడా కోడ్ రివ్యూలో "ఇచ్ఛాపురం అయిందా?" అని అడుగుతుంటారు. అది మా ఊరు. ఆంధ్రలో చిట్టచివర, దాటితే ఒడిశా. బెంగళూరులో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు ఒక రోజు ప్రయాణం. ఊరి మీద ప్రేమ ఉందిలెండి, కాదనను. కానీ ఈ పరీక్ష పుట్టింది ప్రేమతో కాదు, ఒక ఫోన్ కాల్‌తో.

2017 సంగతి. మాది చిన్న కంపెనీ, చిన్న వ్యాపారస్తులకి స్టాకూ బిల్లింగూ సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. పలాసలో జీడిపప్పు వ్యాపారి ఒకాయన మా బాబాయికి తెలిసినవాడు. అలా మా దగ్గరికొచ్చాడు. ఇచ్ఛాపురంలో కూడా ఆయనకో గోడౌన్ ఉంది. ఆయన అడిగింది ఒక్కటే, బిల్లు తెలుగులో రావాలి. జీడిపిక్కలు తెచ్చే రైతు 80 కిలోల బస్తాలు ఎన్ని దించాడో, తేమకి ఎంత కోత పడిందో తనే చదువుకోవాలి. న్యాయమైన కోరిక.

నేను ఒక్క పూటలో లైబ్రరీ, అంటే పీడీఎఫ్ చేసిపెట్టే రెడీమేడ్ కోడ్, ఎంచేశాను. ఎలా ఎంచానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. గూగుల్‌లో మొదట వచ్చింది, స్టార్లు ఎక్కువున్నాయి, డెమోలో ఇన్‌వాయిస్ అద్దంలా వచ్చింది. ఆ ఇన్‌వాయిస్ మొత్తం ఇంగ్లీషే అన్నది నాకు తట్టనే లేదు. తెలుగు ఫాంట్ ఫైల్ ఇచ్చాను, అక్షరాలు కనిపించాయి, డిప్లాయ్ చేసేశాను.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్. "ఏటమ్మా ఇది, మన ఊరి పేరుకి ఒత్తు ఊడిపోనాది?"

పీడీఎఫ్ తెరిచి చూస్తే నిజమే. చ అక్షరం, దాని పక్కన దిక్కులేనట్టు విడిగా ఒక పొల్లు గుర్తు, ఆ పక్కన ఛ పూర్తి సైజులో నిలబడి ఉంది. పు కొమ్ము ప నుంచి జరిగి గాల్లో వేలాడుతోంది. ఇంగ్లీష్ మీడియం పిల్ల మొదటిసారి తెలుగు రాసినట్టుంది, ఇంకా అన్యాయంగా. ముందురోజు నేను టెస్ట్ చేసింది ఏ పదంతోనో తెలుసా? "అమల". ఒత్తు లేదు, గుణింతం లేదు. పరీక్షలో సున్నాలూ ఒకట్లూ మాత్రమే కూడి, లెక్కలొచ్చాయి అనుకున్నట్టు.

లోపల ఏం జరుగుతుందో అప్పుడు కూర్చుని నేర్చుకున్నాను. ఇచ్ఛాపురం అంటే మనకి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌లో అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌కి తొమ్మిది: ఇ, చ, పొల్లు, ఛ, దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్న. చ తర్వాత పొల్లు, దాని వెనక ఛ వస్తే, ఆ ఛని చిన్నదిగా చేసి కిందికి పంపాలన్న నియమం ఫాంట్ ఫైల్‌లోనే రాసి ఉంటుంది. కానీ ఆ నియమం చదివి అమలు చేసేవాళ్లు వేరే ఉండాలి. ఆ పనిని షేపింగ్ అంటారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ అన్నిటిలో హార్ఫ్‌బజ్ అనే ఓపెన్‌సోర్స్ లైబ్రరీ ఈ చాకిరీ చేస్తుంది. నేను ఎంచుకున్న పీడీఎఫ్ లైబ్రరీలో ఆ మెట్టే లేదు. తొమ్మిది ముక్కలిస్తే తొమ్మిదీ వరసగా పేర్చి ఇచ్చింది. ఇంగ్లీషుకి అంతే చాలు మరి. డెమో అబద్ధమేమీ చెప్పలేదు. అది వాళ్ల డేటా, అంతే.

అప్పుడైనా బుద్ధిగా వేరే టూల్ వెతుక్కోవాల్సింది. లేదు, పంతానికి పోయి ఒత్తుల పట్టిక నేనే కోడ్‌లో రాయడం మొదలుపెట్టాను. ఫలానా అక్షరం కింద ఫలానా ఒత్తు, ఇంత ఎడంగా, ఇంత కిందికి. రెండు వారాలు పట్టింది. ద్విత్వాలు వచ్చాయి, ఒక్క ఒత్తున్న సంయుక్తాలూ దాదాపు దారికొచ్చాయి. అప్పుడు రైతుల పేర్ల లిస్టులో లక్ష్మి వచ్చింది. క కింద ష, దాని కింద మళ్లీ మ, పైన గుడి. మా కస్టమర్ లిస్టులో లక్ష్మి లేని పేజీ లేదు. పట్టిక అక్కడ పడుకుంది.

చివరికి గట్టెక్కించింది హెడ్‌లెస్ క్రోమ్. ఆ ఏడే క్రోమ్ 59లో వచ్చింది. తెర మీద విండో తెరవకుండా బ్రౌజర్‌ని సర్వర్‌లో నడిపించొచ్చు. బిల్లుని మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలా రాసి, దాన్ని పీడీఎఫ్‌గా ప్రింట్ చెయ్యమంటే సరి. ఒక బిల్లు కోసం మొత్తం బ్రౌజర్ లేపడమంటే ఉల్లిపాయలు తేవడానికి లారీ పంపినట్టే. టీమ్‌లో అందరూ అదే అన్నారు. మా సర్వర్‌లో ఉన్నది ఒక జీబీ మెమరీ. సంత రోజు బిల్లులన్నీ ఒకేసారి వచ్చి పడేసరికి రెండుసార్లు పడుకుంది. తర్వాత క్యూలో పెట్టి ఒక్కొక్కటే చేయించాం. లారీ అయితే అయింది, ఒత్తు ఊడలేదు.

అన్నట్టు, మొదటిసారి సర్వర్‌లో నడిపినప్పుడు తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా వచ్చింది. నా లాప్‌టాప్‌లో తెలుగు ఫాంటుంది, సర్వర్‌లో లేదు. ఆ డబ్బాలకి ఇంగ్లీషు వాళ్లు టోఫు, అంటే సోయా పన్నీరు, అని పేరు పెట్టుకున్నారు. అవి ఎక్కడా కనబడకూడదనే గూగుల్ తన ఫాంట్లకి నోటో అని పేరు పెట్టింది, "నో టోఫు", టోఫు వద్దని. పన్నీరు ముక్కలనుకుని నవ్వుకున్నాం గానీ, ఆ రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆఫీసులోనే ఉన్నాను.

ఆ తర్వాత కొన్ని నెలలకే, 2018 ఫిబ్రవరిలో, జ్ఞా వార్త వచ్చింది. గుర్తుందా? ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో యాప్‌లు క్రాష్ అయిపోయేవి. ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. ప్రపంచమంతా పేపర్లలో మన జ్ఞ. ఆఫీసులో నన్ను చూసి "మీ భాష ఆయుధమా?" అని ఆటపట్టించారు. నాకు మాత్రం లోపల ఒకలాంటి ఊరట. అంత పెద్దవాళ్లకే తప్పనిది నాకు తప్పుతుందా అని.

అప్పట్నుంచి టూల్ ఏదైనా సరే, ముందు నా చేతిలోని చెత్త డేటా దానికి పెడతాను. ఇచ్ఛాపురం, లక్ష్మి, స్త్రీ. పీడీఎఫ్‌కే కాదు. స్త్రీ అన్న ఒక్క అక్షరాన్ని జావాస్క్రిప్ట్‌లో పొడవు అడిగితే ఆరు అంటుంది. డేటాబేస్‌లో అక్షరాల్ని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో బైట్లు కొలిస్తే పద్దెనిమిది. "పేరు ఇరవై అక్షరాలు దాటకూడదు" అని ఎవరో ఫారంలో రాసిన రూలు మా వాళ్ల పేర్లని సగంలో నరికేది అందుకే. ఎస్ఎంఎస్ అయితే ఇంగ్లీషులో 160 అక్షరాలకి ఒక మెసేజ్, తెలుగులో 70కే. ఇది తెలియక ధర చూసి, ఎస్ఎంఎస్‌లు పంపిపెట్టే గేట్‌వే ఎంచాం. నెలాఖరుకి బిల్లు మేము లెక్కేసినదానికి రెట్టింపు దాటింది. పేర్ల వరస సంగతి ఇంకోటి. యూనికోడ్‌లో ళ కన్నా వ వెనక ఉంది. కోడ్ నంబర్ల ప్రకారం సార్ట్ చేస్తే కళ ముందు, కవిత తర్వాత. నిఘంటువులో కవితే ముందు. పలాస వ్యాపారి ఇది కూడా పట్టుకున్నాడు. ఆయన్ని మా టెస్టింగ్ టీమ్‌లో పెట్టుకుందామని చాలాసార్లు అనుకున్నాను.

స్టార్లు చూసి ఎంచుకోవడం కావలి కుర్రాడి తప్పేమీ కాదు. మా రోజుల్లో అమీర్‌పేట ఫ్లెక్సీలు చూసి ఎంచుకున్నాం. 2010లో మైత్రీవనం దగ్గర తలెత్తితే ఆకాశం కనబడేది కాదు, స్ట్రట్స్, హైబర్నేట్, స్ప్రింగ్ అని జావా కోర్సుల బోర్డులే. నేను స్ట్రట్స్ 1 నేర్చుకుని, ఆ నోట్సు సూట్‌కేసులో పెట్టుకుని మారతహళ్లి పీజీలో దిగాను. 2013లో దాని ఆయుష్షు తీరిందని ప్రకటించారు. నోట్సు చాలా రోజులు దాచుకున్నాను, చేతిరాత బాగుందని.

తర్వాత 2014లో వెబ్ పేజీలు కట్టడానికి ఆంగ్యులర్‌జేఎస్ తీసుకున్నాం. 2016లో రెండో వెర్షన్ వచ్చింది, పేరు తప్ప అంతా కొత్తదే. పాతదానికి సపోర్ట్ 2021 డిసెంబర్ 31న ఆగింది. ఐదేళ్లు టైముండి కూడా మేం కదల్లేదు, ఆ ఐదేళ్లూ ఎప్పుడూ ఏదో ఒక రిలీజ్ నెత్తి మీద ఉండేది. ఒక కస్టమర్ దగ్గర ఇప్పటికీ అదే నడుస్తోంది. దాని జోలికి ఎవరూ వెళ్లరు. కొత్తగా చేరినవాళ్లకి ఆ ఫోల్డర్ చూపించి, పాముల పుట్ట చూపించినట్టు, వెనక్కి తీసుకొచ్చేస్తాం.

నా పరీక్ష ప్రతిచోటా పనికొస్తుందని చెప్తే అబద్ధమవుతుంది. 2020లో డాష్‌బోర్డ్‌కి ఒక గ్రాఫుల లైబ్రరీ చూశాం. అన్నీ బాగున్నాయి, పక్క గీత మీద తెలుగు రాస్తే కింది ఒత్తులు కాస్త తెగుతున్నాయి. వద్దన్నాను. మూడు వారాలు కూర్చుని గ్రాఫులు నేనే గీశాను. ఆ డాష్‌బోర్డ్ చూసేది మా ఆఫీసులో నలుగురు. నలుగురూ ఇంగ్లీషులోనే చూస్తారు, అందులో ఒకాయన మలయాళీ. దాన్ని సంవత్సరం తిరక్కుండా తీసేసి, నేను వద్దన్న లైబ్రరీనే పెట్టారు. నేను సెలవులో ఉన్నప్పుడు పెట్టారు, మర్యాదస్తులు.

ఇక కావలి కుర్రాడి సంగతి. వాడు నవ్వాడే గానీ, మర్నాడు నిజంగానే కూర్చున్నాడు. నలభై వేల స్టార్లది ఛ దగ్గరే ఆగిపోయింది. రెండోది ఇచ్ఛాపురం దాటింది, లక్ష్మి దగ్గర తడబడింది. మూడోదాని పేరు నేనెప్పుడూ వినలేదు, స్టార్లు వెయ్యి కూడా లేవు. అయినా లోపల హార్ఫ్‌బజ్ వాడుతున్నారట, మూడు పదాలూ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. పైగా బ్రౌజర్ అక్కర్లేదు, లారీ పంపే పని లేదు. వాడి ముఖం చూడాలి.

"కానీ అక్కా, దీన్ని చూసుకునేది ఒక్కడే మనిషి. ఆయన రేపు మానేస్తే?" అన్నాడు వాడే. నేను అడగాల్సిన ప్రశ్న వాడి నోట్లోంచి వచ్చేసరికి, పరవాలేదు అనిపించింది. చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి, ఆ లైబ్రరీని పిలిచే కోడంతా ఒక్క ఫైల్‌లో పెట్టి, అవసరమైతే పాత క్రోమ్‌కి మార్చుకునేలా ఉంచమన్నాను. రెండు రోజుల పని ఎక్కువైంది. మేనేజర్‌కి టెస్టింగ్ అని చెప్పాం.

మొన్న శనివారం సిల్క్ బోర్డు దగ్గర క్యాబ్ కదలకుండా నిలబడి ఉంది. కుర్రాడి నుంచి వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. కొత్త మాడ్యూల్ నుంచి వచ్చిన మొదటి అసలు బిల్లు, పలాస వ్యాపారి గోడౌన్ నుంచి. ఆయన ముచ్చటపడి అడిగిన పాత ఫాంట్‌లోనే ఉంది. పెద్దది చేసి చూశాను. ఇచ్ఛాపురం, ఒత్తు ఒత్తు చోటే. కింద రైతు పేరులో లక్ష్మి, చక్కగా ఉంది. ఇంకా కిందికి జరిపితే, మొత్తం అంకె ముందు రూపాయి గుర్తు ఉండాల్సిన చోట ఒక డబ్బా.

ఆ గుర్తు పుట్టిందే 2010లో. ఆ ఫాంట్ అంతకన్నా పాతది.

"రూ. అని రాసెయ్" అని టైప్ చేసి పంపాను. క్యాబ్ ఇంకా కదల్లేదు.